మాస్టారు ఎక్కించిన శ్రుతి

బసవయ్య రైల్లో కూర్చున్నా, డాక్టరు గది ముందు కూర్చున్నా, ఆయన కుడిపాదం ఊరికే ఉండదు. కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి కాళ్ళ హార్మోనియం తిత్తి తొక్కిన పాదం అది. సింగపూరు వచ్చాక తొక్కడానికి ఏమీ లేదన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

విజయనగరం చుట్టుపక్కల పౌరాణిక నాటకం ఎక్కడ వేసినా ఒకప్పుడు పోస్టరు మీద హార్మోనియం బసవయ్య అని ఉండాల్సిందే. ఆ పైన పెద్ద అక్షరాల్లో తారాదేవి పేరు. రాణి వేషం ఆవిడదే, అడవిపాలైన ఇల్లాలి వేషం ఆవిడదే. బసవయ్య ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. కొడుక్కి వాళ్ళ నాటకంలోంచే అనిరుధ్ అని పేరు పెట్టుకున్నారు. పెళ్ళయినా, కొడుకు పుట్టినా, తారాదేవి మాత్రం మొగుణ్ణి "మాస్టారూ" అనే పిలిచేది. నాటకాల్లో హార్మోనియం వాయించేవాణ్ణి అందరూ అలాగే పిలుస్తారు.

పద్యనాటకంలో పాడేది నటులే అయినా పగ్గం హార్మోనియం మాస్టారి చేతిలో ఉంటుంది. ఎవరు ఏ శ్రుతిలో పాడాలో ఆయన వేలు ఏ మెట్టు మీద ఆనిందో అది చెబుతుంది. బసవయ్యకు ఒక అలవాటుండేది. ఆట మంచి పట్టులో పడిందనిపిస్తే చెప్పాపెట్టకుండా అర శ్రుతి పైకి జరిపేవాడు. తారాదేవి ఓరగా ఆయన వంక ఒక చూపు చూసి, ఆ ఎత్తుకు ఎక్కేసేది. రాగం కొసకు వెళ్ళి గిరికీలు కొట్టి దిగేసరికి జనం ఈలలు, వన్స్‌మోర్‌లు. తెర పడ్డాక లోపలికొచ్చి, "చంపీసినారు కదా మాస్టారూ" అని ఆయాసపడేది. "చావలేదు కదా, పాడీసేవు కదా" అని ఆయన నవ్వేవాడు. శ్రుతి ఎక్కడమంటే ఆ లోకంలో సింహాసనం ఎక్కడమే. "ఫలానా ఆవిడ శ్రుతి దించీసిందిట" అని చెవులు కొరుక్కుంటే ఇక ఆవిడకు రాణి వేషం పోయి చెలికత్తె వేషం వచ్చిందని అర్థం.

టీవీలు వచ్చాయి, నాటకాలు పోయాయి. అది చాలదన్నట్టు తారాదేవి గొంతులో గడ్డ లేచింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీసేశారు. మాట మిగిలింది. పాట మాత్రం కిందికి జారిపోయింది. ఎప్పుడూ పాడే ఐదో శ్రుతి కోసం నోరు తెరిస్తే గాలి వచ్చేది. ఆ రోజున ఆవిడ హార్మోనియం పెట్టె మూసి, దాని మీద దుప్పటి కప్పింది. మళ్ళీ దాని పక్కన కూర్చోలేదు.

అప్పటికి అనిరుధ్ సింగపూరులో కంప్యూటరు ఉద్యోగంలో కుదురుకున్నాడు. కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు. మనవరాలు అక్షరను చూసుకోవడానికి బసవయ్య, తారాదేవి హౌగాంగ్‌లోని కొడుకు ఫ్లాటుకు వచ్చేశారు. హార్మోనియం ఊళ్ళోనే ఎవరికో ఇచ్చేశారు.

ఆ ఇంటికి కొత్త వాద్యం ఒకటి రావడానికి మూలం కోడలు కావ్యశ్రీ. అక్షరకు పియానో నేర్పించాలని ఆవిడ పట్టు. "కొత్తది ఎందుకు? ఈ ఊరికి మనుషులు సూట్‌కేసుతో వస్తారు, పియానో వదిలేసి పోతారు" అని అనిరుధ్ ఆఫీసులో ఎవరో చెప్పారట. అది నిజమే. ఏడాదికో దేశం మారే విదేశీ ఉద్యోగులు వదిలేసిన పియానోలన్నీ పాయా లేబర్‌లో ఓంగ్ అనే ముసలాయన దుకాణంలో చేరేవి. గోదాముల భవనం పై అంతస్తులో, తోలు వాసన, చెక్క వాసన, పాత నూనె వాసన కలిసిన గది. ఒక ఆదివారం అందరూ కలిసి అక్కడికి వెళ్ళారు.

కావ్యశ్రీ పియానోల ధరలు అడుగుతోంది. అక్షర కనిపించిన మెట్టల్లా నొక్కుతోంది. తారాదేవి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. బసవయ్య మూలనున్న ఒక పొడుగాటి పెట్టె మీది గుడ్డ ఎత్తి చూశాడు. ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు సన్నం, పక్షి రెక్క పరిచినట్టు ఉంది. మెట్లు మాత్రం హార్మోనియానికి ఉన్నట్టే ఉన్నాయి. ఒకటి నొక్కాడు.

వీణ మీటినట్టు ఒక చప్పుడు. సన్నగా, మెరుపులా వచ్చి అంతలోనే ఆరిపోయింది. ఆయన బిత్తరపోయి మళ్ళీ నొక్కాడు.

"హార్ప్సికార్డ్, అంకుల్" అన్నాడు ఓంగ్ దగ్గరికొచ్చి. మూత ఎత్తి చూపించాడు. లోపల సన్నటి ఇత్తడి తీగలు, వరసగా బిరడాలు, బియ్యపు పిండిలా తెల్లగా ఉన్న పల్చటి పలక. మెట్టు నొక్కితే లోపల ఒక చెక్కముక్క లేచి, దానికున్న ఈక మొన తీగను మీటి కిందపడుతుంది. "పియానో కొడుతుంది. ఇది మీటుతుంది. పియానోకు ముందరి కాలంది. పాత పద్ధతిలో ఎవరో చేత్తో చేశారు. ఒక డచ్చి ఇంజనీరు తెచ్చుకున్నాడు. ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. కొనేవాడు లేడు, లా. పిల్లలకి పియానోయే కావాలి."

ఆ ఊరివాళ్ళ మాట కొసన "లా" తగలడం మామూలే. అనిరుధ్ ఆ మాటలు తెలుగులో చెబుతున్నాడు గానీ బసవయ్య వినడం లేదు. ఆయన వేళ్ళు వాటంతట అవే ఒక పాత పద్యం వరస పట్టుకున్నాయి. గుమ్మం దగ్గర స్టూలు మీద కొంగు ఆగింది. తారాదేవి నోరు తెరవకుండానే, ముక్కుతోనే, కిందెక్కడో మూడో శ్రుతి దగ్గర ఆ వరస అందుకుంది. ఆవిడకే తెలియనట్టు. హార్మోనియం ఊదుతూ ఉంటుంది, దానితో సమానంగా గొంతు నిలబడాలి. ఇది మీటి వదిలేస్తుంది. అలసిన గొంతుకు నడుమ నడుమ కూర్చోవడానికి చోటిస్తుంది.

బసవయ్య కొడుకు వైపు తిరిగాడు. "నాకిది కొనరా బాబూ."

"నాన్నా, మనం పియానో కోసం వచ్చాం."

"అక్షర గుంటకి ఆ కరెంటుది కొను, చిన్నది. నాకిది కొను."

ఆయన కొడుకును అంతవరకు ఏదీ అడిగి ఎరగడు. అనిరుధ్ కావ్యశ్రీ వంక చూశాడు. కావ్యశ్రీ అత్తగారి వంక చూసింది. ఆవిడ ఇంకా ముక్కుతో పాడుతూనే ఉంది. "తీసుకోండి" అంది కావ్యశ్రీ మెల్లిగా.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలో ఓంగే చెప్పాడు. బసవయ్యకు టార్చిలైటు ఇచ్చి, ఆయన్ని పెట్టె అడుగున పడుకోబెట్టి చూపించాడు, పలకలో పగులు ఉందేమోనని. ప్రతి మెట్టూ నొక్కించాడు, ఈక మొన మీటి తిరిగి కిందికి జారుతోందా లేదా అని. పెట్టె వెన్ను వంగిందేమో పక్కనుంచి ఒక కన్ను మూసి చూడమన్నాడు. బసవయ్య సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు అన్నీ చూశాడు. చివర్న ఓంగ్ బిరడాలు తిప్పే తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, వేలెత్తి ఒకటే మాట చెప్పాడు. "ఇది పాతకాలపు శ్రుతిలో ఉంటుంది, ఇప్పటి వాద్యాలకంటే కొంచెం కింద. అక్కడే ఉంచాలి. పైకి లాగొద్దు. పలక పల్చన. కెనాట్."

అనిరుధ్ అది అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. బసవయ్య తల ఊపాడు.

గుడ్డలు చుట్టి, తాళ్ళు కట్టి, నలుగురు మోసుకుంటూ దాన్ని బ్లాకు కిందికి తెచ్చినప్పుడు తమాషా జరిగింది. ఫ్లాట్ల అడుగున గోడల్లేకుండా వదిలిన ఖాళీ అంతస్తును అక్కడ వాయిడ్ డెక్ అంటారు. చీనావాళ్ళు చావుకు పందిళ్ళు వేసేది కూడా అక్కడే. పక్కింటి కోటేశ్వరి మార్కెట్ సంచితో ఎదురొచ్చి ఆ పొడుగాటి పెట్టెను చూసి, శవపెట్టె అనుకుని గుండెలు బాదుకుంది.

"అయ్యయ్యో కడవులే! ఎవరు పోయినారు అన్నయ్యా? అక్కకి ఏమీ కాలేదే?"

వెనకనుంచి తారాదేవి, "నేనిక్కడే ఉన్నాను లేమ్మా. మీ అన్నయ్య ముందుగానే తెచ్చి పెట్టుకున్నాడు, ఎవరు ముందో తేల్లేదింకా" అంది. అని పెద్దగా నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆ నవ్వు వినడం బసవయ్యకు అదే మొదటిసారి.

కోటేశ్వరి తాత ఎప్పుడో మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఆవిడ జోహోరులో పుట్టి, ఇక్కడికి కాపురానికి వచ్చింది. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలయ్. తారాదేవికి ఆ ఊళ్ళో స్నేహితురాలంటే ఆవిడే. మధ్యాహ్నం తన మాటల్లో మకాన్, అంటే భోజనం, అయ్యాక ఎండు నెత్తళ్ళ గిన్నె పట్టుకుని వచ్చి, తలలు తుంపుతూ హాల్లో చతికిలబడేది. బసవయ్య మూడో శ్రుతి మెట్టు మీద వేలు ఆనించేవాడు. తారాదేవి సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని పాడేది.

ఆ పాట వేరు. రాగం మీద రాగం వేసి ఎక్కే పాట కాదు. అడవిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యం ఒకటుంది. ఒకప్పుడు ఆవిడ అది పాడితే ఆఖరి వరసలో చుట్ట కాల్చుకునేవాడికి కూడా వినబడేది. ఇప్పుడు అదే పద్యం పక్కింటావిడకు కష్టం చెప్పుకున్నట్టు పాడుతుంటే, కోటేశ్వరి నెత్తళ్ళ చేత్తోనే కళ్ళు తుడుచుకుని, మంట పుట్టి, "అలామా" అని కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

ఒక రోజు పాడడం అయ్యాక తారాదేవి అంది, "మాస్టారూ, ఇప్పుడు నాకు పద్యంలో మాట వినిపిస్తంది. అప్పుడంతా నా గొంతే వినిపించీది."

"ఊఁ" అన్నాడు బసవయ్య.

ఆవిడ మొహం చూసినవాళ్ళకు అర్థమయ్యేది, ఆ ముసలితనంలో ఆవిడకు ఒక కొత్త ఇల్లు దొరికిందని. బసవయ్య మొహం చూడలేదు. చెవితో వింటున్నాడు. ఆ చెవికి మూడో శ్రుతి మూడో శ్రుతిలాగే వినబడుతోంది. అది కూడా అసలు మూడు కాదు, ఈ పెట్టె పాతకాలపుది కాబట్టి ఇంకో అర తక్కువ. తన తారాదేవి అంత కింద ఉండడమేమిటని ఆ చెవి రోజూ నొచ్చుకుంటూనే ఉంది. కానీ పాడుతోంది కదా, అదే చాలనుకుని ఊరుకున్నాడు.

పార్థసారథి గారు రాకపోయి ఉంటే ఊరుకునే ఉండేవాడేమో.

పార్థసారథి గారు రిటైరైన తహశీల్దారు. అనిరుధ్ ఆఫీసులో ఒకతని తండ్రి. కొడుకును చూడ్డానికి సింగపూరు వచ్చి, తారాదేవి ఇక్కడే ఉందని తెలిసి సెరంగూన్ నుంచి పళ్ళు పట్టుకుని వచ్చాడు. పార్వతీపురంలో ఆవిడ నాటకం ముందు వరసలో కూర్చుని చూశాడట. "ఐదో శ్రుతి అంటే మాటలా అమ్మా! పిడుగు పడ్డట్టు ఉండేది. మా ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది" అని చెప్పుకొచ్చాడు. తెలుగువాళ్ళ ఉగాది సభలో ఆవిడ చేత పద్యాలు పాడిస్తే ఎంత బాగుంటుందన్నాడు. అనిరుధ్ ఉబ్బిపోయాడు. సంఘం వాళ్ళకు తానే చెబుతానన్నాడు. ఒక్క పద్యం ఇప్పుడు వినిపించమన్నాడు పెద్దాయన.

తారాదేవి తన కొత్త పద్ధతిలో పాడింది. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, ఆఖరి మాట దగ్గర గొంతు ఒక్క పిసరు వణికించి ఆపేసింది.

పార్థసారథి గారు మర్యాదగా చప్పట్లు కొట్టాడు. "బాగుందమ్మా, చాలా బాగుంది. వయసు కదా మరి."

తారాదేవి నవ్వి కాఫీ తేవడానికి లేచింది. ఆవిడకు ఆ మాట తగల్లేదు. బసవయ్యకు తగిలింది. చెప్పులో ముల్లులా తగిలింది.

హార్మోనియంలో స్వరం మారదు. పైకి పోవాలంటే వేలు జరపాలి, జరిపితే తారాదేవి చూస్తుంది. ఈ పెట్టె అలా కాదు. దీనికి బిరడాలున్నాయి. వేలు మూడో శ్రుతి మెట్టు మీదే ఉంచి, తీగలన్నిటినీ పిసరు పిసరు బిగిస్తూ పోతే, ఆవిడకు తెలియకుండానే గొంతు పైకి నడుస్తుంది. ఉగాది నాటికి ఒక శ్రుతి ఎక్కుతుంది. సభలో పాడి దిగాక అప్పుడు చెప్పాలి, "నువ్వు పాడింది ఎంతో తెలుసా?" అని. చంపీసినారు కదా మాస్టారూ అంటుంది. చావలేదు కదా అనాలి. ఆ మాట ఆయన నోట్లో చెరుకుముక్కలా ఊరుతూ ఉండేది.

ఓంగ్ చెప్పింది మరిచిపోలేదు. దుకాణాల వాళ్ళు అలాగే చెబుతారు అనుకున్నాడు. అయినా ఒకేసారి లాగితే కదా.

పొద్దున కోటేశ్వరి, తారాదేవి కలిసి మార్కెట్‌కు వెళ్ళేవారు. అక్షర బడికి, కొడుకూ కోడలూ ఆఫీసుకు పోయేవారు. బసవయ్య మూత ఎత్తి తాళంచెవి పెట్టేవాడు. గోరంత తిప్పేవాడు. అప్పుడప్పుడు తీగ తెగేది. ఓంగ్ ఇచ్చిన తీగల చుట్టలోంచి కొత్తది వేసేవాడు. "పాతవి కదా, ఇలగే పోతాయి" అనేవాడు భార్యతో. ఒక సెలవు రోజున అక్షర ఆ పని చూసి, "తాతా, వై యు టర్న్ ఎవ్రీ డే? ఓంగ్ అంకుల్ సెడ్ కెనాట్ లా" అంది. "ఇది తాత పని, నువ్వెళ్ళి నీ కరెంటు పెట్టె వాయించుకో" అని పంపేశాడు.

రెండు మూడు వారాలకు తారాదేవి పద్యం మధ్యలో ఆగింది.

"ఏటో మాస్టారూ, ఇవాళ గొంతు పట్టీస్తంది."

"మంచు పడింది గావాల."

"సింగపూర్లో మంచేటి?"

"ఏసీ మంచే. పాడు, వస్తాది."

పాడింది. మెడ నరాలు లేచాయి. కొస అందుకుంది. బసవయ్య లోపల గుండె గంతేసింది. ఎక్కుతోంది, తన తారాదేవి ఎక్కుతోంది.

మిరియాల పాలు మొదలయ్యాయి. ఉప్పునీళ్ళు పుక్కిలించడం మొదలైంది. భోజనాల దగ్గర మాట్లాడడం మానేసింది, గొంతు దాచుకుంటున్నానని సైగ చేసేది. పాడే వేళ సోఫాలో కాళ్ళు పెట్టుకోవడం పోయింది. నిటారుగా, పరీక్షకు కూర్చున్న పిల్లలా కూర్చునేది. పాడడం అయ్యాక మెడ మీది మచ్చను వేలితో తడుముకుంటూ కిటికీలోంచి బయటికి చూసేది. ఉగాదికి బెంగపడుతోంది, పెద్ద నటి కదా, సభ అంటే అలాగే ఉంటుంది అనుకున్నాడు బసవయ్య. ఒకసారి కోటేశ్వరితో కలిసి గుడికని వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చింది. చేతిలో ప్రసాదం లేదు. ఆయన అడగలేదు. ఆ పూట మెట్లన్నీ మరో గోరంత పైకి చేరాయి, ఆయన ఆ ఆనందంలో ఉన్నాడు.

ఉగాది ఇంకో వారం ఉందనగా ఆ పెట్టె పోయింది.

శనివారం మధ్యాహ్నం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యం సగంలో ఉంది. వెదురు చీల్చినట్టు ఒక చప్పుడు. దాని వెనకే మరొకటి. బిరడాలు దిగేసిన చెక్క ఈ కొసనుంచి ఆ కొసకు నెర్రె విచ్చింది. తీగలు గుంపులుగా వదులై పాముల్లా లేచాయి. పల్చటి పలక నూనెలో వేసిన అప్పడంలా ఉబ్బిపోయింది. అక్షర కెవ్వుమని తల్లిని పట్టుకుంది. తారాదేవి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అనిరుధ్ ఫోన్ చేస్తే ఓంగ్ సాయంత్రానికి వచ్చాడు. టార్చిలైటు వేసి అడుగున చూశాడు. మిగిలిన తీగల్లో గట్టిగా ఉన్నదొకటి వెతికి, మెట్టు నొక్కి, జేబులోంచి శ్రుతి చూసే ఇనుప పుల్ల తీసి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత అనిరుధ్‌తో మెల్లిగా ఏదో అన్నాడు.

"ఏటన్నాడురా?" అని అడిగింది తారాదేవి.

అనిరుధ్ తండ్రి మొహం చూడలేక తల్లితో చెప్పాడు. "ఇది చెమ్మకో ఏసీకో పోయింది కాదంటమ్మా. ఎవరో తీగలన్నీ పైకి లాగేశారట. చాలా పైకి. ఇక బాగుచెయ్యడం తన వల్ల కాదంటున్నాడు."

తారాదేవి తల తిప్పి మొగుణ్ణి చూసింది.

"అర శ్రుతా మాస్టారూ?"

"ఒకటి" అన్నాడు బసవయ్య.

"ఎప్పట్నుంచి?"

"ఆ తహశీల్దారుగారు వచ్చి వెళ్ళినప్పట్నుంచి."

ఆవిడ లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు నేలను చూసింది. "అయితే నా గొంతు పోలేదన్నమాట" అంది.

బసవయ్య మొహం వెలిగింది. ఆయన నిజంగానే సంబరపడ్డాడు. "పోవడమేటే! ఎక్కింది! నీకు తెలియకుండానే ఎక్కీసేవు తారా. ఉగాదికి నేనే చెబుదామనుకున్నాను..."

"గడ్డ మళ్ళీ వచ్చిందనుకున్నాను మాస్టారూ."

ఆవిడ చెయ్యి మెడ మీది మచ్చ మీదికి వెళ్ళింది.

"రోజూ పాడుతుంటే నాకు తెలుస్తంది కదా, నిన్న అందింది ఇవాళ అందట్లేదని. లోపల పెరుగుతంది అనుకున్నాను. కోటేశ్వరిని తోడు తీసుకుని ఆసుపత్రికెళ్ళాను. ముక్కులోంచి గొట్టం దింపి చూసేరు. ఏటీ లేదన్నారు. నేను నమ్మలేదు. చెప్పడం ఇష్టంలేక అలగన్నారు అనుకున్నాను. ఉగాది వెళ్ళేదాకా వీళ్ళెవరికీ చెప్పకూడదనుకున్నాను. గుంట నిద్దరోతుంటే చూసి ఏడిసీదాన్ని."

కావ్యశ్రీ అత్తగారి పక్కకు వచ్చి కూర్చుంది. బసవయ్య ఏదో అనబోయాడు. "స్టేజీ మీద కూడా చెప్పకుండానే ఎక్కించీవాణ్ణి కదే" అన్నాడు చివరికి.

"అప్పుడు నాకు వినబడీది. మీ వంక చూసీదాన్ని. ఎక్కాలో అక్కర్లేదో నేననుకుని ఎక్కీదాన్ని. ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్తున్నారో నన్ను చూడనివ్వలేదు మీరు." ఆవిడ గొంతు హెచ్చలేదు. "నాకు ఇక్కడ బావుండీది మాస్టారూ. ఈ కింద. మీకే బాగులేదు."

ఓంగ్‌కు ఆ మాటలు తెలియవు. కానీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఉగాది సభకు తారాదేవి వెళ్ళింది, పచ్చడి తింది, పిల్లల డాన్సులు చూసింది. పాడలేదు. గొంతు బాగులేదని అనిరుధ్ సంఘం వాళ్ళతో చెప్పాడు. పార్థసారథి గారు దూరంనుంచి అయ్యో అన్నట్టు తలాడించాడు. ఆ మర్నాడు ఓంగ్ మనుషులు వచ్చి విరిగిన పెట్టెను పట్టుకుపోయారు. పనికొచ్చే ముక్కలు ఇంకే వాద్యానికైనా వాడుకుంటానన్నాడు. హాల్లో అది ఉన్నచోట కావ్యశ్రీ ఒక కుర్చీ వేసింది. ఎవరూ అందులో కూర్చునేవారు కాదు.

తారాదేవి మాట మానలేదు, అలగలేదు. పొద్దున్నే ఆయనకు కాఫీ ఇస్తుంది. మాత్రలు చేతిలో పెడుతుంది. "మాస్టారూ, గొడుగు పట్టుకెళ్ళండి" అంటుంది. అన్నీ ఉన్నాయి. పాట లేదు. కొడుకు హార్మోనియం కొంటానంటే వద్దు బాబూ అంది. అక్షర తన కరెంటు పెట్టెలో ఒక మీట నొక్కి, "నానమ్మా, సేమ్ సౌండ్, సీ!" అని చూపిస్తే ముద్దు పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం బసవయ్య పడకగదిలోంచి వస్తూ చూశాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. సన్నగా, చీర మడత కింది గాలంత సన్నగా, ఏదో వరస. ఆయన చెవి ఊరుకోలేదు, శ్రుతి కొలవబోయింది. ఆవిడ తలెత్తి చూసి ఆపేసింది.

"పాడు తారా" అన్నాడు. "ఏ శ్రుతైనా సరే. నేను ఏటీ అనను. ఏటీ ముట్టను. పాడవే."

ఆవిడ జాలిగా చూసింది. ఆ జాలే ఆయన భరించలేకపోయాడు. "మీరు వింటుంటే నా గొంతు నాకు వినబడదు మాస్టారూ" అంది. అని మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాటి నుంచి బసవయ్య మధ్యాహ్నం భోంచేసి, చెప్పులు వేసుకుని, కిందికి పోవడం మొదలుపెట్టాడు. వాయిడ్ డెక్‌లో సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. చదరంగం ఆడే చీనా ముసలివాళ్ళు మొదట్లో చోటిచ్చి ఆటలోకి పిలిచారు, తర్వాత మానేశారు. ఎండ ఉన్నా, వాన జల్లు లోపలికి కొట్టినా, అక్షర బడి బస్సు వచ్చేదాకా అక్కడే. ఎందుకెళ్తున్నారని తారాదేవి అడగలేదు. ఎందుకెళ్తున్నానో ఆయన చెప్పలేదు. ఆ కాసేపు ఇల్లు ఆవిడదిగా ఉంటుందని, అంతే. పైన ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. అంత ఎత్తునుంచి ఏదీ కిందికి వినబడదు. అయినా మొదట్లో చెవి పైకి పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత అదీ తప్పనిపించి, రోడ్డు మీది బస్సుల చప్పుడు వినడం అలవాటు చేసుకున్నాడు.

చాలా రోజులకు ఒక మధ్యాహ్నం కోటేశ్వరి లిఫ్టులోంచి దిగి, ఆయన్ని చూసి ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమి అన్నయ్యా, దినమూ ఇక్కడే కూర్చుంటారు? పైకి పోండి. అక్క పాడుతోంది."

బసవయ్య చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ పాడుతుందే! మీరు దిగంగానే మొదలుపెడుతుంది. నాకోసమే కాదు, నేను రాకపోయినా పాడుతుంది, గోడలోంచి వినబడుతుందే నాకు. ఆ పద్యం, బిడ్డ పోయిన తల్లి... కడవులే, ఈరోజు ఎంత బాగా పాడింది. నాకు తాళలేదు, అందుకే వచ్చేసినాను. మీకు తెలియదా?"

ఆయన తెలియదన్నట్టు తలాడించాడు. లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది. కోటేశ్వరి దాన్ని కాలితో ఆపి పట్టుకుని, "రండి, రండి, ఇంకా అయిపోలేదు" అంది.

బసవయ్య రెండడుగులు వేశాడు. ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నేనెళ్తే ఆపీస్తాదమ్మా" అన్నాడు. "నువ్వెళ్ళు. తలుపు మెల్లిగా వెయ్యి, చప్పుడవకుండా."